పెళ్ళి మధ్యలో కెమెరా హ్యాంగ్ అయితే

(సంఘం యువజన శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టరును పిలిచి కెమెరా గురించి మాట్లాడమన్నారేమిటి అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మేము బడిలో చెప్పేది లెక్కలు, సైన్సు. కెమెరా ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టుకున్న వస్తువు. పైగా బడి వార్షికోత్సవాలకు, మన సంఘం కార్యక్రమాలకు ఫొటోలు తీసే పని చాలా ఏళ్ళుగా మా మీదనే ఉన్నది. ఆ అనుభవంతోను, చదువుకున్నదానితోను తెలిసిన నాలుగు మాటలు మీ ముందుంచుతాము. ఉర్దూలో గాక తెలుగులో ఎందుకంటారా? ఈ పనిలో ఉన్న మన పిల్లలలో చాలామంది తెలుగు మీడియంలో చదివినవారే. వాళ్ళు పనిచేసే పెళ్ళిళ్ళు కూడా అన్ని ఇళ్ళవీ.

ఈనాటి విషయం ఒక్కటే. వరుసగా ఫొటోలు తీస్తూ తీస్తూ ఉండగా డిజిటల్ కెమెరా హఠాత్తుగా ఆగిపోతుంది. బటన్ నొక్కితే పలకదు. మీట తిప్పినా కదలిక ఉండదు. మన పిల్లలు దీనినే "హ్యాంగ్ అయింది సార్" అంటారు. అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు, అసలు అట్లా ఎందుకు జరుగుతుంది అనేది చెప్పుకుందాము.

ఇది చిన్న విషయం కాదు

కెమెరా ఆగితే ఏమయింది, కాసేపటికి మళ్ళీ పని చేస్తుంది గదా అనుకోవద్దు. నికాహ్‌లో వరుడు ఖుబూల్ అని చెప్పడానికి పట్టేది రెండు మూడు సెకన్లు. దస్తఖతులు అయ్యేది ఒక్క నిమిషంలో. రుఖ్సతీ వేళ తండ్రి కూతురి తల మీద చేయి వేసేది ఒకేసారి. ఇంకోసారి వేయండి, ఫొటో రాలేదు అని అడగగలమా? అడిగితే వేస్తాడేమో గాని, ఆ ముఖం మళ్ళీ రాదు. ఇంటిలో ఎనభై ఏళ్ళ నానీ ఉంటుంది. ఆమె అందరి మధ్య కూర్చుని నవ్విన ఫొటో ఆ ఇంటికి అదే ఆఖరిది కావచ్చు.

రెండో సంగతి పొట్టకూటికి సంబంధించినది. ఇంటరు దాకా చదివి, పై చదువుకు వీలు లేక, వాయిదాల మీద కెమెరా కొనుక్కుని పెళ్ళిళ్ళకు తిరిగే పిల్లలు మనలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ వాయిదా కట్టేది పెళ్ళిళ్ళ సీజనులో వచ్చిన డబ్బుతోనే. ఒక్క పెళ్ళిలో ముఖ్యమైన ఫొటోలు పోతే ఆ రోజు కూలి పోవడమే కాదు, "వాడిని పిలవకండి, వాడి కెమెరా నమ్మేది లేదు" అనే మాట ఊరంతా తిరుగుతుంది. ఆ మాట చెరిగిపోవడానికి ఏళ్ళు పడుతుంది.

మేము గమనించినది ఏమంటే, ఫొటోలు నిజంగా పోయేది చాలాసార్లు కెమెరా ఆగినప్పుడు కాదు. ఆగిన తరువాత భయపడి చేసే పనుల వల్ల పోతాయి. బ్యాటరీ లాగేయడం, కార్డు పీకేయడం, ఎవరో చెప్పారని ఫార్మాట్ కొట్టడం. అందుచేత ఈ ప్రసంగంలో సగం మందు గురించి, సగం పథ్యం గురించి అనుకోండి.

డబ్బా లోపల జరిగేది

1975లో అమెరికాలోని కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. దాని బరువు మూడున్నర కిలోలకు పైనే. ఫొటోలో 10,000 చుక్కలు మాత్రమే, అదీ నలుపు తెలుపులో. ఆ ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేదట. ఈనాటి మామూలు కెమెరాలో 2 కోట్ల 40 లక్షల చుక్కలు ఉంటాయి. కాలం ఎంత మారినా ఒక సంగతి మారలేదు. ఫొటో తీయడం ఒక పని, దానిని భద్రపరచడం మరొక పని. తీయడం రెప్పపాటులో అయిపోతుంది. భద్రపరచడానికి టైము పడుతుంది.

ఈ రెంటికీ మధ్య తేడాను సర్దడానికి కెమెరాలో బఫర్ అని ఒక తాత్కాలిక జ్ఞాపకశక్తి పెట్టారు. తీసిన ఫొటో ముందు బఫర్‌లోకి వెళుతుంది. అక్కడి నుంచి మెల్లగా మెమొరీ కార్డు మీదికి దిగుతుంది. చిన్నప్పుడు మీరంతా తొట్టి, కుళాయి లెక్కలు చేసినవారే. ఒక కుళాయి తొట్టిని నింపుతుంది, ఇంకొకటి ఖాళీ చేస్తుంది, తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది అని అడిగేవారు. ఆ లెక్క దేనికి పనికివస్తుంది మాస్టారూ అని అప్పుడు అడిగినవారికి ఇదిగో జవాబు.

లెక్క కోసం కొన్ని అంకెలు పెట్టుకుందాము. మీ కెమెరా సెకనుకు 8 ఫొటోలు తీస్తుంది. రా పద్ధతిలో ఒక్కో ఫొటో 28 ఎంబీ. అంటే సెకనుకు 224 ఎంబీ తొట్టిలోకి వచ్చి పడుతోంది. మీ కార్డు నిజంగా రాసుకునే వేగం సెకనుకు 30 ఎంబీ. తొట్టిలో 30 ఫొటోలు, అంటే 840 ఎంబీ పడుతుంది. వచ్చేది 224, పోయేది 30, సెకనుకు 194 ఎంబీ మిగులుతోంది. నాలుగు సెకన్లు దాటీ దాటకముందే తొట్టి నిండుతుంది. ఆ తరువాత కెమెరా ఏం చేయగలదు? కార్డు ఒక ఫొటోను మింగితేనే ఇంకొకటి తీయగలదు. సెకనుకు 8 తీసిన కెమెరా సెకనుకు ఒకటి చొప్పున నీలుగుతుంది. మీరు వేలు తీసేసినా, తొట్టి పూర్తిగా ఖాళీ కావడానికి 28 సెకన్లు పడుతుంది.

కార్డు పాతదై, సెకనుకు 10 ఎంబీ మాత్రమే రాసేదైతే ఆ 28 సెకన్లు కాస్తా 84 సెకన్లవుతాయి. పెళ్ళిపందిరిలో నిమిషం 24 సెకన్లు అంటే ఒక యుగం. కుర్రవాడు కెమెరా చచ్చిపోయిందనే అనుకుంటాడు. అది చావలేదు. కక్కలేక మింగలేక ఉన్నది.

అదే కార్డు 90 ఎంబీ వేగంతో రాసేదైతే? తొట్టి నిండడానికి ఆరు సెకన్లకు పైగా పడుతుంది, తొమ్మిది పది సెకన్లలో ఖాళీ అవుతుంది. రా మానేసి, 10 ఎంబీ ఉండే జేపెగ్‌లో తీస్తే సెకనుకు వచ్చేది 80, పోయేది 90. తొట్టి నిండనే నిండదు. కెమెరా మార్చలేదు, పైసా ఖర్చు పెట్టలేదు, రోగం పోయింది.

పెద్ద కెమెరాలలో ఈ తొట్టి పెద్దది. 2017లో వచ్చిన సోనీ ఏ9 సెకనుకు 20 ఫొటోల చొప్పున, కుదించిన రా ఫొటోలు 241 వరకు ఆగకుండా తీయగలదని కంపెనీవారు ప్రకటించారు. అది ఆటల పోటీలు తీసేవారి కోసం చేసిన కెమెరా. మన పిల్లల చేతిలో ఉండే కెమెరాలలో తొట్టి చాలా చిన్నది. చిన్న తొట్టి ఉన్నవాడు కుళాయిని చూసి తిప్పుకోవాలి, అంతే.

మొదట లైటు చూడండి

ఇక చికిత్సకు వద్దాము. కెమెరా ఆగిందా? ముందు చేతులు ఆపండి. కెమెరా వెనుక గాని, కార్డు తలుపు పక్కన గాని చిన్న లైటు ఉంటుంది. చాలా కెమెరాలలో ఎరుపో, నారింజ రంగో, ఆకుపచ్చో. అది వెలుగుతున్నా, టపటప కొట్టుకుంటున్నా కార్డు మీద రాత జరుగుతోందని అర్థం. ఆ లైటు ఉన్నంతసేపు కార్డు తలుపు తెరవరాదు, బ్యాటరీ తీయరాదు. రాస్తున్న పిల్లవాడి చేతిలోంచి నోటుబుక్కు లాగేస్తే ఏమవుతుంది? ఆ వాక్యం పోతుంది, కాగితమూ చిరుగుతుంది. కార్డులో కూడా అంతే. ఆఖరి ఫొటో పోవడమే గాక, ఏ ఫొటో ఎక్కడున్నదో రాసుకున్న పట్టిక చెడిపోయి అంతకుముందు తీసినవి కూడా కనబడకుండా పోవచ్చు.

మా పాత విద్యార్థి ఒకడు ఒక వలీమా నుంచి ఫోను చేశాడు. "సార్, కెమెరా పోయింది, బ్యాటరీ లాగెయ్యమంటారా?" అన్నాడు. గొంతులో ఏడుపే తక్కువ. లైటు వెలుగుతోందా అని అడిగాము. "కొట్టుకుంటోంది సార్." "అయితే కెమెరా మీద నుంచి చెయ్యి తీసి, నూరు లెక్కపెట్టు బేటా." డెబ్బై దాకా వచ్చేసరికి "సార్, లైటు ఆరింది, పని చేస్తోంది" అని నవ్వాడు. ఫోను పెట్టేసే ముందు రా నుంచి జేపెగ్‌కు మార్చుకోమని చెప్పాము. ఆ రాత్రి మళ్ళీ ఫోను రాలేదు.

లైటు ఆరిపోయి ఉండీ, ఏ బటనూ పలకకపోతే అది అసలైన హ్యాంగ్. అప్పుడు మీట ఆఫ్ చేయండి. అరనిమిషం ఆగండి. ఆఫ్ కాకపోతే బ్యాటరీ తీసి, ఒక నిమిషం బయట ఉంచి మళ్ళీ పెట్టండి. ఎక్కువసార్లు దీనితోనే లేస్తుంది.

ఇక మూడోది, లైటు ఆగకుండా వెలుగుతూనే ఉండడం. మీ కెమెరా మామూలుగా తీసుకునే టైముకు మూడు నాలుగు రెట్లు చూడండి. ఐదు నిమిషాలు దాటినా ఆరకపోతే బ్యాటరీ తీయక తప్పదు. కాని ఆ తరువాత ఆ కార్డులో ఒక్క ఫొటో కూడా తీయవద్దు. దానిని తీసి జేబులో విడిగా పెట్టి, ఇంకో కార్డు వేయండి. కెమెరా "కార్డును ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే వద్దు అనే చెప్పండి. ఇంటికి వెళ్ళి కంప్యూటరులో పెట్టి ఫొటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాముతో వెదికితే చాలావరకు దొరుకుతాయి. కార్డులో కనబడని ఫొటో, దాని మీద ఇంకొకటి రాయనంతవరకు అక్కడే ఉంటుంది. పలక మీద అక్షరాలు మసకబారినా, మళ్ళీ రాయనంతవరకు చదవవచ్చు గదా. ఇదీ అంతే.

ఇక్కడ ఇంకొక మాట. హ్యాంగ్ కానిదానిని హ్యాంగ్ అనుకునే సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి. చీకటిలో లెన్సుకు ఫోకస్ దొరకకపోతే కొన్ని సెట్టింగులలో షట్టర్ పడదు. కెమెరా మీద ఉన్న సొంత ఫ్లాష్ ఛార్జి అయ్యేదాకా చాలా కెమెరాలు ఫొటో తీయనివ్వవు. రాత్రిపూట 30 సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చి, చుక్కలు తుడిచే నాయిస్ రిడక్షన్ ఆన్‌లో పెడితే, తీసిన తరువాత ఇంకో 30 సెకన్లు కెమెరా "బిజీ" అంటుంది. ఇవేవీ జబ్బులు కావు.

వరుసగా వెదకండి, ఒక్కొక్కటే మార్చండి

ఒకే కెమెరా మాటిమాటికీ ఆగుతూ ఉంటే కారణం కనిపెట్టాలి. సైన్సు ల్యాబులో పిల్లలకు మేము మొదట నేర్పేది ఒక్కటే. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చు. బ్యాటరీ, కార్డు, లెన్సు మూడూ ఒకేసారి మార్చితే కెమెరా బాగుపడవచ్చు, గాని దోషి ఎవరో తెలియదు. మళ్ళీ ఆ దోషినే సంచిలో వేసుకుని ఇంకో పెళ్ళికి వెళతారు.

మొదట బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీవారు బజారులోకి తెచ్చారు. దానిని సాధ్యం చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంత గొప్పదైనా దానికీ ముసలితనం ఉన్నది. పాతబడిన బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు సగం ఛార్జి చూపిస్తుంది. వరుసగా ఫొటోలు తీస్తూ షట్టరు, లెన్సు మోటారు, ప్రాసెసరు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోయి కెమెరా తెల్లమొహం వేస్తుంది. ముసలాయన కూర్చుంటే బాగానే ఉంటాడు, మెట్లెక్కితేనే ఆయాసం. బ్యాటరీ కొసలనున్న లోహపు ముక్కలను పొడిబట్టతో తుడవండి. ఉబ్బిన బ్యాటరీని కెమెరాలో పెట్టనే వద్దు.

ఒక కుర్రవాడి కెమెరా ఇట్లాగే ఆగుతుంటే రిపేరు షాపులో మెయిన్ బోర్డు పోయిందన్నారు. వాళ్ళు చెప్పిన డబ్బుకు పాత కెమెరా ఇంకొకటి వస్తుంది. వాడు మా దగ్గరకు వచ్చాడు. స్నేహితుడి బ్యాటరీ ఒకటి తెమ్మని, అదే కార్డు, అదే లెన్సుతో వందల ఫొటోలు తీయించాము. ఒక్కసారీ ఆగలేదు. పాత బ్యాటరీ వేస్తే రెండో నిమిషంలోనే ఆగింది. బోర్డు కాదు, బ్యాటరీ. కొత్తది వేసుకుని ఆ సీజనంతా పని చేసుకున్నాడు.

రెండవది కార్డు. కార్డు మీద పెద్ద అక్షరాలతో సెకనుకు 170 ఎంబీ అని ఉంటే మురిసిపోవద్దు. అది తరచుగా చదివే వేగం. మనకు కావలసింది రాసే వేగం. దానికి గుర్తులు చిన్నవిగా ఉంటాయి. సి అక్షరంలో 10 ఉంటే ఎంత తగ్గినా సెకనుకు 10 ఎంబీ రాస్తుందని హామీ. యు అక్షరంలో 1 ఉంటే 10, 3 ఉంటే 30. వి పక్కన 30, 60, 90 అని ఉంటే అన్నేసి ఎంబీలు. పెళ్ళి పనికి వి30కి తక్కువ కొనవద్దని మా సలహా. మీ కెమెరా యుహెచ్‌ఎస్-1 రకానిదైతే ఎంత ఖరీదైన యుహెచ్‌ఎస్-2 కార్డు వేసినా పాత వేగంతోనే నడుస్తుంది, ఎందుకంటే ఆ రకం దారిలో సెకనుకు 104 ఎంబీకి మించి వెళ్ళదు. ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనుక్కోండి.

బజారులో నకిలీ కార్డులు ఉన్నాయి. పైన 128 జీబీ అని ముద్ర, లోపల ఉండేది అందులో కొద్ది భాగం. కొన్న రోజే కంప్యూటరులో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యు, ఎఫ్3 వంటి ఉచిత ప్రోగ్రాములతో నింపి, తిరిగి చదివించి చూస్తే దొంగ దొరికిపోతాడు. ఇంకా ఒక అలవాటు చేసుకోండి. ఫొటోలు రెండు చోట్ల దాచిన తరువాత, కొత్త పనికి ముందు, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఫార్మాటంటే కార్డులో ఉన్నదంతా పోతుంది, కనుక దాచినట్టు కళ్ళారా చూసుకున్న తరువాతనే సుమా. రెండు కార్డులు పట్టే కెమెరాలో రెండింటి మీదా ఒకేసారి రాసేటట్టు పెట్టుకుంటే మంచి రక్షణ. కాని రెండెడ్ల బండి నెమ్మది ఎద్దుతోనే నడుస్తుంది. రెండూ సమానమైన కార్డులు వేయండి.

మూడవది లెన్సు. లెన్సుకు కెమెరాకు మధ్య చిన్న చిన్న బంగారు రంగు చుక్కలు వరుసగా ఉంటాయి. రెండూ మాట్లాడుకునేది వాటి ద్వారానే. చెమట, దుమ్ము, అత్తరు చేతుల జిడ్డు పడితే మాట తడబడి కెమెరా ఎర్రర్ చూపి ఆగుతుంది. ఆఫ్ చేసి, లెన్సు తీసి, శుభ్రమైన మెత్తని పొడిబట్టతో తుడవండి. రబ్బరు పెట్టి రుద్దితే ఆ పొట్టు లోపల పడుతుంది. ఇంకో లెన్సు పెట్టి ఆగకపోతే తప్పు లెన్సుదని తేలుతుంది.

నాలుగవది వేడి. చాలా కెమెరాల పుస్తకాలలో 0 నుంచి 40 డిగ్రీల వరకు వాడవచ్చునని రాసి ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. మన పెళ్ళిళ్ళు సరిగ్గా అప్పుడే. పైన షామియానా, ఎదుట వీడియో లైట్లు. వీడియో తీసేటప్పుడు, తెర మీద చూస్తూ తీసేటప్పుడు సెన్సరు విరామం లేకుండా పనిచేసి లోపలి నుంచి కూడా వేడెక్కుతుంది. ఖరీదైన కెమెరాకు కూడా దీని నుంచి మినహాయింపు లేదు. 2020లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్5లో 8కె వీడియో 23 డిగ్రీల వాతావరణంలో ఏకబిగిన సుమారు 20 నిమిషాలే తీయవచ్చునని కంపెనీవారే ప్రకటించారు. తెర మీద థర్మామీటరు బొమ్మ వచ్చిందంటే ఇక చాలు అంటోందని అర్థం. ఆఫ్ చేసి నీడలో పెట్టండి. తెర మడతపెట్టేదైతే బయటకు తెరిచి ఉంచండి. ఫ్యాను గాలి చాలు. ఫ్రిజ్‌లో పెట్టే తెలివితేటలు వద్దు, బయటకు తీయగానే లోపలంతా చెమ్మ పడుతుంది.

ఐదవది ఫర్మ్‌వేర్, అనగా కెమెరాను నడిపే ప్రోగ్రాము. అందులో లోపాలుంటే కంపెనీలు సవరించి ఉచితంగా ఇస్తాయి. కంపెనీవారి సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే వేయండి. మధ్యలో ఆపితే కెమెరా లేవకపోవచ్చు. పెళ్ళికి ముందు రాత్రి ఈ పని పెట్టుకోవద్దు.

ఈ అయిదూ చూసినా ఆగుతూనే ఉంటే అప్పుడు సర్వీసు సెంటరు. చేతిలో ఒక కాగితంతో వెళ్ళండి. ఎన్ని ఫొటోల తరువాత ఆగింది, లైటు ఎట్లా ఉన్నది, తెర మీద ఏ అంకె వచ్చింది, ఏయే వస్తువులు మార్చి చూశారు అని రాసి ఇస్తే వాళ్ళకూ పని తేలిక, మీకు అనవసరపు బిల్లూ పడదు.

గోడ పరీక్ష

పెళ్ళికి రెండు మూడు రోజుల ముందు ప్రతి పిల్లవాడూ ఇంటిలో చేయవలసిన పరీక్ష ఒకటి చెబుతాము. కెమెరాను గోడ మీది క్యాలెండరు వైపు పెట్టండి. మీరు పెళ్ళిలో వాడే కార్డు, బ్యాటరీ, సెట్టింగులే ఉండాలి. వేగంగా తీసే పద్ధతిలో బటన్ నొక్కి పట్టుకోండి. గబగబ చప్పుడు ఎన్నో ఫొటో దగ్గర మందగించిందో లెక్కపెట్టండి. వేలు తీసి, లైటు ఆరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంలో చూడండి. ఈ రెండు అంకెలు నోటుబుక్కులో రాయండి. ప్రతి కార్డుకు విడివిడిగా.

మా శిక్షణ తరగతిలోని అమ్మాయి ఒకతె ఈ రెండు అంకెలను చిన్న కాగితం మీద రాసి కెమెరా అడుగున అంటించుకున్నది. తన కెమెరా 22 దగ్గర ఆగుతుందని ఆమెకు తెలుసు. కనుక ఖుబూల్ మాటకు ముందు వేలు ఆపుకుని, తొట్టి ఖాళీ చేసుకుని ఎదురు చూస్తుంది. అసలు క్షణంలో మూడు నాలుగు తీస్తుంది, ఆపుతుంది, మళ్ళీ మూడు నాలుగు. వేటగాడు తూటాలు దాచుకున్నట్టు. అంత వేగం ఉన్నది గదా అని ప్రతిదానికీ బటన్ నొక్కి పట్టుకుంటే, ఇంటికి వచ్చి నాలుగు వేల ఫొటోలలో నలభై ఏరుకోవడం కూడా ఒక శిక్షే.

పెళ్ళివారికి మనవి

చివరగా ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఇంటి పెళ్ళికి ఫొటోగ్రాఫరును పిలిచినప్పుడు డబ్బు మాట్లాడడంతోపాటు ఒక్క ప్లగ్గు పాయింటు కూడా చూపించండి. ఛార్జి పెట్టుకుంటాడు. ఫ్యాను గాలి తగిలే చోట ఒక కుర్చీ ఇవ్వండి. వాడి కన్నా కెమెరాకు ముందు అవసరం. బంధువుల గుంపులు గుంపులుగా వచ్చి "ఇంకొకటి తియ్యి, ఇంకొకటి" అన్నప్పుడు, ఆ కుర్రవాడు "ఒక్క నిమిషం చాచా" అంటే కోప్పడకండి. వాడు బద్ధకించడం లేదు. అంతకుముందు తీసిన మీ ఫొటోలు భద్రంగా దిగేదాకా కాపలా కాస్తున్నాడు. ముఖ్యమైన ఘట్టాలకు ఇద్దరిని పెట్టుకునే స్తోమతు ఉన్నవారు పెట్టుకోండి. లేనివారు ఇంటిలో ఒక పిల్లను సెల్‌ఫోనుతో అదే చోట నిలబెట్టండి. ఒకటి ఆగినా ఇంకొకటి ఉంటుంది.

మా పిల్లలకు మేము చెప్పేది ఇంతే. ఆగిన కెమెరా ముందు భయపడకండి. లైటు చూడండి, ఆగండి, వరుసగా వెదకండి. రెండు కార్డులు, రెండు బ్యాటరీలు, ఒక పొడిబట్ట, ఒక నోటుబుక్కు లేకుండా ఇంటి నుంచి బయలుదేరవద్దు. ఈ తరగతులు జరిగే నాలుగు ఆదివారాలూ సాయంత్రం నాలుగు గంటలకు మేము ఇక్కడే ఉంటాము. ఎవరి కెమెరా ఆగుతున్నదో వారు కార్డుతో, బ్యాటరీతో, లెన్సుతో సహా తీసుకురండి. ఈ హాలు గోడకే గురిపెట్టి అందరి ఎదుటా పరీక్ష చేద్దాము. ఒకరి జబ్బు తెలిస్తే పదిమందికి మందు తెలుస్తుంది.